ఒక మెట్టు కింద

నాలుగో ఆవర్తంలో లోరెదానా మలవాసికి అర్థమైంది, తన చేతిలో ఉన్నది తప్పుడు క్లారినెట్ అని.

అప్పటికే మాంతోవా నగర నాటకశాలలో ఎనిమిది వందలమంది ఆమెనే వింటున్నారు. మిగతా ఆర్కెస్ట్రా అంతా వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తాన్‌క్రెదీ జనెల్లా అనే స్వరకర్త ఇరవై రెండేళ్ళ తర్వాత జనం ముందుకు తెచ్చిన కొత్త రచన పేరు ‘ఏడు కిటికీలు’. అందులో మూడో భాగం, అంటే మూడో కిటికీ, మొత్తం క్లారినెట్‌దే. నలభై ఆవర్తాలు. పక్కన ఒక్క ఫిడేలు పలకదు. కనీసం శ్రుతి పట్టేవాళ్ళు కూడా ఉండరు.

క్లారినెట్ వాళ్ళ దగ్గర రెండు వాయిద్యాలుంటాయి. ఒకటి పొట్టిది, ఇంకొకటి దానికంటే రెండు వేళ్ళ పొడుగుది. కాగితం మీద అదే స్వరం, వేళ్ళు అవే రంధ్రాల మీద. కానీ పొడుగుది ఒక మెట్టు కింద పలుకుతుంది, పియానో మీద పక్కపక్క మెట్లకున్నంత తేడాతో. నోట్లో పెట్టుకునే పీక మాత్రం రెంటికీ ఒక్కటే. ఒకదాన్నుంచి ఊడదీసి ఇంకోదానికి తొడుక్కోవాలి. జనెల్లా రెండో కిటికీ పొడుగుదానికి రాశాడు, మూడోది పొట్టిదానికి. మధ్యలో పది సెకన్ల విరామం.

ఆ పది సెకన్లలోనే పైఅంతస్తు చవక సీట్లలోంచి ఒకడు అరిచాడు.

“ఒరేయ్ జనెల్లా! ఆ కిటికీలు మూసెయ్, చలేస్తోంది!”

హాలంతా గొల్లుమంది. “నోర్ముయ్, గాడిదా!” అని ఇంకొకడు వాడి మీదికి లేచాడు. ఎవరిదో టోపీ గాల్లో ఎగిరింది. లోరెదానా పీక ఊడదీసి, తలెత్తి పైకి చూసి, మళ్ళీ తొడిగింది. అదే క్లారినెట్‌కి.

నాలుగో ఆవర్తంలో చెవికి కొట్టింది. మధ్యలో ఆపితే అయిపోయినట్టే. ఉన్నపళంగా ఒక మెట్టు పైకి మార్చి వాయిస్తే, ఆ అతుకు చెవిటివాడికి కూడా వినిపిస్తుంది. ఆమె ఒక్క ఊపిరి తీసుకుని ముందుకు పోయింది. మిగతా ముప్పై ఆరు ఆవర్తాలూ ఒక మెట్టు కిందే వాయించింది.

చివరి స్వరం ఆగింది. కొంచెం నిశ్శబ్దం. తర్వాత వచ్చే ఫిడేళ్ళు తమ స్వరంతో తాము మొదలుపెట్టాయి. ఎక్కడా ఏమీ గుద్దుకోలేదు.

పక్క కుర్చీలో కూర్చునే రెండో క్లారినెట్ నేవియో ముసలాయన పెదవులు కదపకుండా అన్నాడు. “పొడుగుది.”

“తెలుసు,” అంది ఆమె.

పోడియం మీద ఆర్కెస్ట్రా సంచాలకుడు మాయెస్త్రో రివెత్తీ కళ్ళు మూసుకుని పరవశంలో ఉన్నాడు. ఆయన చెవి గురించి ఆయనే చెప్పే కథలు ఆర్కెస్ట్రాలో పాతిక దాకా ఉన్నాయి. ఈ గాలివాయిద్యాల వరసలో కూర్చున్న మొదటి ఆడపిల్ల లోరెదానా. ఆమెను ఏడాది పరీక్ష మీద తీసుకున్నారు. ఆ ఏడాది నవంబరు ఆఖరుకి అయిపోతుంది. ఆ కుర్చీ ఆమెదా కాదా అన్నది రివెత్తీ సంతకంతో తేలుతుంది. అదింకా పది రోజులుంది.

మెచ్చినవాళ్ళ చప్పట్లు, నచ్చనివాళ్ళ ఈలలు, రెండూ కలిసి పడ్డాయి. జనెల్లా వేదిక మీదికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, అరవై ఆరేళ్ళ మనిషి. అందరితో చేతులు కలిపాడు. లోరెదానా ముందు ఆగి, ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. భుజం తట్టి పక్క ద్వారం గుండా వెళ్ళిపోయాడు. ఆయన కోసం ఏర్పాటు చేసిన విందుకి కూడా ఆగలేదు.

అడగబోయింది ఏమిటి? ఆ ఒక్క ప్రశ్న లోరెదానా బుర్రలో మేకులా దిగిపోయింది. విన్నాడా? వినలేదా?

* * *

ఆదివారం మధ్యాహ్నం కాఫీ బల్ల దగ్గర నేవియో పేపరు విప్పి చదివాడు.

“‘మూడో కిటికీలో ఒంటరి క్లారినెట్ మన కాలపు విషాదాన్ని పలికింది.’ చూశావా అమ్మాయ్, మన కాలపు విషాదం పొడుగు క్లారినెట్టన్నమాట.”

“నవ్వకండి. ఆయన విన్నాడంటారా?”

“వింటే ఊరుకుంటాడా? నలభై తొమ్మిదిలో వెనిస్‌లో ఆయన రచన వాయిస్తూ ఫిడేళ్ళవాళ్ళు నవ్వారని ఇరవై రెండేళ్ళు అలిగి కూర్చున్న మనిషి ఆయన. నువ్వు నలభై ఆవర్తాలు తప్పు వాయిస్తే భుజం తడతాడా?”

“మరి నోరు తెరిచి మూశాడెందుకు?”

“ఆవులింత వచ్చి ఉంటుంది. ఈ కొత్తరకం సంగీతం రాసేవాళ్ళు లెక్కలేసి రాస్తారమ్మా. ఒక మెట్టు అటైనా ఇటైనా లెక్క లెక్కే. చెవితో పనేముంది?”

“వాళ్ళ నాన్న చర్చిల్లో ఆర్గన్లు శ్రుతి చేసేవాడట. ఈయన కూడా ఇన్నేళ్ళూ పియానోలు శ్రుతి చేసుకునే బతికాడట కదా.”

“మా బావ ముప్పై ఏళ్ళు పూటకూళ్ళింట్లో వండాడు. ఉప్పు తేడా ఇప్పటికీ తెలియదు,” అన్నాడు నేవియో. “నోరు మూసుకుని కూర్చో. రివెత్తీకి తెలియదు, ఊరికి తెలియదు. తెలిసింది నీకూ నాకూ. నేనెలాగూ ఏప్రిల్లో రిటైరవుతున్నాను.”

అక్కడితో అయిపోయేదే. కానీ సోమవారం పొద్దున రివెత్తీ కర్రతో స్టాండు మీద టకటకా కొట్టి ప్రకటించాడు.

“వచ్చే శనివారం ‘ఏడు కిటికీలు’ మళ్ళీ ఉంది. మిలాన్ నుంచి రికార్డు కంపెనీ వాళ్ళు వస్తున్నారు. డిస్కు చేస్తారు. నాకు కావలసింది ఒక్కటే. మొన్న ఎలా వాయించారో అలాగే. వెంట్రుకవాసి తేడా రాకూడదు. రేడియో వాళ్ళ టేపు నా దగ్గరుంది. రోజుకి రెండుసార్లు వింటున్నాను.” లోరెదానా వైపు తిరిగి చేతివేళ్ళు ముద్దుపెట్టుకుని ఆ ముద్దు గాల్లోకి విసిరాడు. “సిన్యోరీనా, ముఖ్యంగా మీరు!”

పక్కన నేవియోకి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ తగ్గలేదు.

లోరెదానాకి మాత్రం నవ్వు రాలేదు. సరిగ్గా వాయిస్తే రివెత్తీ టేపుకి తేడా వస్తుంది. తప్పుగా వాయిస్తే ఆ తప్పు జనెల్లా పేరుతో డిస్కు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు ఏ కుర్రాడో ఆ డిస్కు విని, అదే నిజమనుకుని నేర్చుకుంటాడు. ఏది చెయ్యాలో తేలాలంటే ముందు ఒక్క సంగతి తేలాలి. ఆయన విన్నాడా?

బుధవారం రిహార్సల్ లేదు. రెండు క్లారినెట్లూ పెట్టెలో సర్దుకుని, జనెల్లా ఉండే పల్లె విల్లింపెంతాకి వెళ్ళే బస్సెక్కింది.

* * *

పొలాల మీద పొగమంచు కదలకుండా కూర్చుంది. ఊళ్ళో జనెల్లా ఇల్లెక్కడని అడిగితే, “పియానోల ఆయనా? బియ్యం మిల్లు దాటాక ఆకుపచ్చ తలుపు,” అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ జిల్లాకి ఆయన పియానోల ఆయనే. సైకిల్ మీద బడులకీ డాక్టర్ల ఇళ్ళకీ తిరిగి తీగెలు బిగించేవాడు. తెల్లవారుజామున లేచి రాసుకునేవాడు. ఆ ఏడు కిటికీలూ ఆయన పియానోలు శ్రుతి చేసిన ఏడు ఇళ్ళవని కార్యక్రమ పత్రంలో రెండే ముక్కలు రాశాడు. మూడోది ఒస్తీలియాలో ఒక విధవరాలి ఇల్లు. ఆమె పియానోని ఎవరూ వాయించరు. అయినా ఏటా శ్రుతి చేయిస్తుంది. ఆ గది గురించి రాయడానికి ఒంటరి క్లారినెట్ ఎందుకు ఎంచుకున్నాడో లోరెదానా వారం రోజులు ఆలోచించింది. వాయిస్తుంటే తెలిసింది, నాలుగో ఆవర్తం వరకూ.

తలుపు తీసింది ఆయన అక్క ఎల్వీరా. చేతినిండా గుమ్మడికాయ గుజ్జు.

“ఏ పత్రిక?”

“పత్రిక కాదండీ. క్లారినెట్.”

ముసలావిడ ఆమెను పైనుంచి కిందికి చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేసింది. “నువ్వా ఆ పిల్లవి! మొన్న ఏమైందో చెప్పు. ఇంటికొచ్చినప్పటి నుంచీ వాడు మనిషి కాడు. పియానో మీద దుప్పటి కప్పేశాడు. అన్నం ముట్టడు. శ్రుతికడ్డీ ఒకటి పట్టుకుని రోజంతా మోకాలికి కొట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంటాడు, టింగ్, టింగ్, టింగ్. నాకు పిచ్చెక్కుతోంది.”

వంటింటి మూలలో తాడుతో కట్టిన కాగితాల మూటలు మూడున్నాయి. పైమూట మీద ఐదు గీతల వరసలు, సన్నటి నల్లటి సిరా.

“అవేమిటి?”

“ఆరేళ్ళ పని. ఒపెరా. రెండంకాలు అయిపోయాయి. రేపు పొద్దున పాతకాగితాల బండివాడు వస్తాడు, ఇచ్చెయ్యమన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు.” వంటగుడ్డతో చేతులు తుడుచుకుంది. “పొయ్యిలో పెడతానంటే నేనే ఆపాను. బండికైతే ఒక రోజు గడువు దొరుకుతుందని.”

లోరెదానా ఆ మూటల వైపే చూసింది. ఆర్గన్ల ఇంట్లో పుట్టిన మనిషి వినకుండా ఎలా ఉంటాడు? విన్నాడు. కానీ విన్నవాడు వాయించినవాళ్ళ మీద కేకలెయ్యాలి గానీ తన ఒపెరాని పాతకాగితాలకి వెయ్యడమేమిటి?

* * *

జనెల్లా కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో కంబళి. చేతిలో శ్రుతికడ్డీ.

“ఎందుకొచ్చారు సిన్యోరీనా?”

“ఐదో ఆవర్తం గురించి అడగాలని, మాయెస్త్రో.”

“ఐదో ఆవర్తం బాగుంది. అన్నీ బాగున్నాయి. మీరు అద్భుతంగా వాయించారు.” శ్రుతికడ్డీని మోకాలికి కొట్టాడు. టింగ్. “రివెత్తీని అడిగాను. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాను. క్లారినెట్ తన చోటే ఉందా, అని అడిగాను. స్వరం పొల్లుపోలేదు మాయెస్త్రో, ప్రాణం పెట్టి విన్నాను అన్నాడు.”

“రివెత్తీ గారు అలా అన్నారా?”

“అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు, నేనెందుకు అడిగానో.” చిన్నగా నవ్వాడు. “మీకు చెబితే నష్టం లేదు. నాకు ఇక చెవి లేదు.”

లోరెదానా చేతిలోని పెట్టె నేల మీద పెట్టింది.

“బొలోన్యాలో మా గురువుగారికి ఇలాగే జరిగింది. ఏ శబ్దం విన్నా దాని స్వరం చెప్పేవాడు. గంట, గుర్రపుడెక్క, గాజుగ్లాసు, ఏదైనా. అరవై ఆరో ఏట ఒక సాయంత్రం రెండు నిమిషాలపాటు అన్నీ ఒక మెట్టు జరిగి వినిపించాయి. మళ్ళీ సర్దుకున్నాయి. ఏడాది తిరిగేసరికి లోకం మొత్తం జరిగిపోయింది. తను రాసిందే తనకి పరాయి పాటలా వినిపించేది. చెవుల్లో దూది కుక్కుకుని చచ్చిపోయాడు.” టింగ్. “మొన్న మూడో కిటికీ మొత్తం నాకు ఒక మెట్టు కింద వినిపించింది. రెండు నిమిషాల యాభై సెకన్లు. ఫిడేళ్ళు రాగానే సర్దుకుంది. నాకు అరవై ఆరు.”

ఇప్పుడు ముడి మొత్తం విడిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె తిప్పి తిప్పి చూసుకున్న ప్రశ్నకి జవాబు ఇంత దగ్గర్లో ఉంది. ఆయన ప్రతి స్వరమూ విన్నాడు. విని, తప్పు తనదనుకున్నాడు. ఎందుకంటే వినని మనిషి విన్నానని చెప్పాడు.

నోరు విప్పితే మూడు మూటలూ బతుకుతాయి. కానీ రివెత్తీ చెవి ఎంతటిదో జనెల్లాకి తెలిసిపోతుంది. ఆ సంగతి రివెత్తీకి తెలియడానికి ఎంతసేపు? నెలాఖరులోగా సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆయనది. అది పడకపోతే తను మళ్ళీ సొంత ఊళ్ళో బడిపిల్లలకి క్లారినెట్ పీక ఎలా పట్టుకోవాలో నేర్పుకుంటూ బతకాల్సిందే. నోరు విప్పకపోతే రేపు బండి వస్తుంది.

“మీ చెవికి ఏమీ కాలేదు మాయెస్త్రో,” అంది. “నేను పొడుగు క్లారినెట్‌తో వాయించాను.”

ఆయన వంటింటి వైపు తిరిగి గొంతెత్తాడు.

“ఎల్వీరా! ఈ అమ్మాయికి నువ్వే నేర్పావా ఈ మాట?”

“నేనేం నేర్పుతాను? నాకు పొడుగూ పొట్టీ ఏం తెలుసు?” వంటింట్లోంచి కేక వచ్చింది.

“మంచి మనసుతో అబద్ధమాడుతున్నారు సిన్యోరీనా. థాంక్స్. బస్సు మూడింటికి ఉంది.”

లోరెదానాకి అంత భయంలోనూ ఒళ్ళు మండింది. పెట్టె తెరిచి రెండు క్లారినెట్లూ బల్ల మీద పెట్టింది.

“అటు తిరగండి. గోడకేసి. ఆ కడ్డీ ఇటివ్వండి.”

“ఏమిటీ?”

“తిరగండంటున్నాను!”

ఎవరూ అలా మాట్లాడి ఎన్నేళ్ళయిందో గానీ ఆయన బుద్ధిగా కుర్చీ తిప్పుకున్నాడు. ఆమె మూడో కిటికీ మొదటి రెండు ఆవర్తాలు వాయించింది. పీక మార్చింది. మళ్ళీ వాయించింది. ఒకసారి మార్చినట్టు చప్పుడు చేసి మార్చకుండానే వాయించింది.

“పొట్టిది,” అన్నాడు గోడతో. “పొడుగుది. పొడుగుది, ఊరికే చప్పుడు చేశారు. పొట్టిది. ఇది పొట్టిదే కానీ పీక సరిగా దిగలేదు, వెంట్రుకవాసి కింద ఉంది, నొక్కండి.”

పదకొండుసార్లకి పదకొండుసార్లు. వంటింటి గుమ్మంలో ఎల్వీరా గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

జనెల్లా ఇటు తిరిగాడు. మొహంలో ఇంకా నమ్మకం లేదు. “ఇవాళ బాగానే ఉంది. మా గురువుగారికీ మర్నాడు బాగానే ఉండేది. శనివారం సంగతేమిటి?”

జరిగిపోయిన శనివారాన్ని ఎక్కడినుంచి తెచ్చి చూపిస్తుంది? టేపు రివెత్తీ దగ్గరుంది. నేవియో సాక్ష్యం చెబుతాడు గానీ, ఆయన్ని కూడా ఎల్వీరా పంపిందనే అంటాడీయన. నాలుగో ఆవర్తం గుర్తు తెచ్చుకుంది. చెవికి కొట్టిన ఆ క్షణం. ఆ తర్వాత...

“ఐదో ఆవర్తానికి ముందు నేను ఊపిరి తీసుకున్నాను,” అంది. “మీరు అక్కడ ఊపిరి రాయలేదు. ఎనిమిదో ఆవర్తం దాకా ఒకే ఊపిరి అని రాశారు. రిహార్సల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. మొన్న తీసుకున్నాను. నా చేతిలో ఉన్నది ఏదో అప్పుడే తెలిసింది కనక.”

గదిలో గుమ్మడికాయ ఉడుకుతున్న వాసన.

“గట్టిగా తీశారు,” అన్నాడు జనెల్లా మెల్లగా. “ముక్కుతో కాదు, నోటితో. నేను విన్నాను. ఎందుకా అనుకున్నాను.” లేచి నిలబడ్డాడు. కంబళి జారి కింద పడింది. “మీరు వాయించినవాళ్ళు కాబట్టి మీకు తెలిసింది. విన్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. ఇంకెవరికి తెలుస్తుంది!” అంతవరకూ మెల్లగా ఉన్న గొంతు ఒక్కసారి ఇల్లెగిరిపోయేలా లేచింది. “నాలుగు రోజులు! నాలుగు రోజులు నన్ను బతికుండగా పాతిపెట్టావు కదే, దున్నపోతా! రెండు క్లారినెట్లు! ఒకటి పొట్టి, ఒకటి పొడుగు! పసిపిల్లలకి తెలుస్తుంది!”

“పైన ఎవడో కిటికీలు మూసెయ్యమని అరిచాడు...”

“వాడి మాటే విన్నావు, నా మాట వినలేదు!” రొప్పుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి అక్కవైపు తిరిగాడు. “ఎల్వీరా, అన్నం ఏమన్నా ఉందా?”

“అన్నమేమిటి, గుమ్మడికాయ ముద్ద కూరి తొర్తెల్లీ చేశాను. తింటావా?”

“ఇద్దరికీ పెట్టు. దీనికి ఎక్కువ పెట్టు, శనివారం ఊపిరి కావాలి.”

తింటున్నప్పుడు ఆయన ఒక్కసారే ఆ సంగతి ఎత్తాడు. “రివెత్తీకి నువ్వు చెబుతావా?”

“మీరే చెప్పండి. నాకు ఆయన సంతకం కావాలి.”

“నేను చెబితే నీ మీద చాడీ చెప్పినట్టు. నువ్వు సరైనదానితో సరిగ్గా వాయించు. ఆయనకి వినిపిస్తే ఆయనే చెబుతాడు.”

బస్సుకి బయల్దేరుతుంటే పియానో మీద దుప్పటి లేదు. వంటింటి మూలలో మూటల తాళ్ళు ఎల్వీరా గుమ్మడికాయ కత్తితోనే కోస్తోంది.

* * *

శనివారం పొద్దున పది గంటల రిహార్సల్‌కి మిలాన్ వాళ్ళు మైకులు దించారు. ఆ వారంలో ‘ఏడు కిటికీలు’ వాయించడం అదే మొదటిసారి. జనెల్లా వచ్చి పద్నాలుగో వరసలో చీకట్లో కూర్చున్నాడు.

మొదటి కిటికీ. రెండో కిటికీ. పది సెకన్ల విరామం. లోరెదానా పొడుగుదాన్నుంచి పీక ఊడదీసి, పొట్టిదాన్ని చేతిలోకి తీసుకుని, తొడిగి, ఒకసారి చూసుకుంది. నేవియో కూడా చూశాడు. తలాడించాడు.

ఆమె మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు...

రివెత్తీ కర్ర ఠప్‌మని పడింది.

“కాదు, కాదు, కాదు! సిన్యోరీనా, ఏమిటిది? పైన ఉన్నారు! ఒక మెట్టు పైన! వారం రోజులుగా రోజుకి రెండుసార్లు వింటున్నాను, నా చెవిని మోసం చెయ్యలేరు. మీ చేతిలో తప్పు క్లారినెట్ ఉంది!”

డెబ్భైమంది తలలు తిరిగాయి. మిలాన్ వాళ్ళలో ఒకడు చెవులకున్న ఫోన్లు తీసేశాడు.

లోరెదానా పొడుగు క్లారినెట్ వైపు చూసింది. పొరపాటైంది మాయెస్త్రో అని, పొడుగుది తీసుకుని వాయిస్తే ఇక్కడితో గొడవ లేదు. పద్నాలుగో వరసలో ఆ ముసలాయన కదలడం లేదు, దగ్గడం లేదు. వినడానికొచ్చినవాడు వింటున్నాడు.

ఆమె లేచి నిలబడింది. స్టాండు మీది కాగితం ఎత్తి చూపించింది.

“ఇదే సరైనది మాయెస్త్రో. ఇక్కడ రాసి ఉంది, పొట్టిదని. క్రితం శనివారం వాయించిందే తప్పు. మొత్తం నలభై ఆవర్తాలూ. విరామంలో పీక మార్చడం మర్చిపోయాను. మీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది.”

రివెత్తీ కాగితం చూశాడు, తన కాగితం చూసుకున్నాడు. మెడ మీదనుంచి ఎరుపు పైకి పాకింది.

చీకట్లోంచి జనెల్లా గొంతు వచ్చింది. కేక కాదు, మామూలుగా.

“రివెత్తీ, ఆదివారం ఫోన్లో మిమ్మల్ని ఒక మాట అడిగాను.”

“అడిగారు, మాయెస్త్రో.”

“మళ్ళీ అడగను. మూడో కిటికీ మొదటినుంచి కానీండి.”

ఆ సాయంత్రం ఆమె ఎనిమిదో ఆవర్తం దాకా ఒకే ఊపిరితో వెళ్ళింది. పైఅంతస్తులోంచి అరిచినవాడు మళ్ళీ వచ్చాడో లేదో గానీ ఎవరూ కిక్కురుమనలేదు. డిస్కుకి ఎక్కింది అదే.

* * *

మంగళవారం నాటకశాల కార్యదర్శి గదిలో పరీక్ష తేల్చారు. ఇక్కడి పద్ధతి ప్రకారం అభ్యర్థి నిలబడి వినాలి. వాయిద్యకారుల తరఫున నేవియో గోడవార కూర్చున్నాడు. రివెత్తీ పెన్ను తీసి, ‘కొనసాగించరాదు’ అన్నచోట గీటు పెట్టాడు. ఆమె అనుకున్నదే.

కార్యదర్శి కాగితం తిప్పి చూపించాడు. “కారణం రాయాలి మాయెస్త్రో. తారీఖుతో సహా. యూనియన్ వాళ్ళు అడుగుతారు.”

“బహిరంగ కచేరీలో తప్పుడు వాయిద్యం. ఇరవయ్యో తారీఖు.”

“ఇరవై...” కార్యదర్శి ఫైలు తిరగేశాడు. ప్రతి కచేరీ అయ్యాక సంచాలకుడు రాసి సంతకం పెట్టే నివేదిక అందులో ఉంది. ముక్కు మీదికి కళ్ళజోడు దించుకుని చదివాడు. “‘ఇరవయ్యో తారీఖు. క్లారినెట్ ఒంటరి భాగం స్వయంగా గమనించాను. స్వరం పొల్లుపోలేదు.’ మీ సంతకమే. ఒకే రోజు గురించి ఫైల్లో రెండు రకాలుగా ఉండకూడదు కదా మాయెస్త్రో. దీన్ని సరిదిద్దుతూ ఒక ముక్క రాసిస్తారా? గమనించలేదు అని.”

నేవియో పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

రివెత్తీ పెన్ను గాల్లోనే ఆగింది. ఆర్కెస్ట్రాలో డెబ్భైమందికి తెలిసింది ఊళ్ళో వారం రోజుల కబురు. ఫైల్లో రాసింది నాటకశాల ఉన్నంతకాలం ఉంటుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు, కాగితం వైపు చూశాడు, చివరికి లోరెదానా వైపు చూశాడు.

“కొత్త కాగితం ఇవ్వండి,” అన్నాడు.

కార్యదర్శి ఇచ్చాడు. ‘కొనసాగించవచ్చు’ అన్నచోట గీటు పడింది. కింద సంతకం పడింది. మొదటి కాగితాన్ని రివెత్తీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచాడు.

“సిన్యోరీనా మలవాసి.”

ఆమె ఆగింది.

“ఇంకెప్పుడైనా తప్పు వాయిస్తే వచ్చి నాకు చెప్పండి.”

“మీకు వినిపించకపోతేనా, మాయెస్త్రో?”

రివెత్తీ ఒక మెట్టు దిగి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అది కోపమో, మరేదో ఆమెకి అంతుపట్టలేదు.

“వినిపించకపోతేనే,” అన్నాడు.